కోమళ కిటికీ కింద పన్నీరు గులాబీలు

జూన్ 9, సోమవారం. కోవిల్‌పట్టి

పొద్దున్నే విరుదునగరం నుంచి రామానుజం ఫోను. నా కొడుకు గొంతు వణకడం విని ఎన్నాళ్లయిందో. వాడి కూతురు కోమళకు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. ఈసారి కాన్పు దాకా మంచం దిగవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పుట్టింటికి తెచ్చి తూర్పు గదిలో పడుకోబెట్టారు.

"అమ్మా, ఆ బిడ్డ గోడను చూసి చూసి పిచ్చిదయిపోతా ఉంది. నీవొచ్చి ఆ రూమును ఏమన్నా చెయ్యి."

ఏమన్నా చేయడం నాకు రాదు. చేస్తే కొలిచి చేస్తాను. టేపు, రూళ్లకర్ర, నాలుగు చాక్‌పీసులు సంచిలో పెట్టాను.

జూన్ 14, శనివారం. విరుదునగరం

గది పన్నెండడుగులు, పదకొండు. ఒకటే కిటికీ, తూర్పుకు.

పడుకున్న కోమళ కన్ను నేలకు ఇరవై ఆరు అంగుళాల ఎత్తున ఉంది. కిటికీ అడుగు అంచు నలభై రెండు. అంటే పిల్లకు రోజంతా కనబడేది ఆకాశం ముక్క, పక్కింటి మేడ మీది నీళ్లట్యాంకు. కిటికీ రెండడుగులు దించాలి.

గోడలకు రామానుజం తెచ్చిన రంగుల పుస్తకంలో అన్నీ బూడిద రంగులే. కొట్టేశాను. నాటుకోడి గుడ్డు రంగు. తెరలు నేత బట్టవి, ఉతికితే మెత్తబడేవి. పైకప్పుకు మెరిసే రంగు వద్దు — పడుకున్నవాళ్ల కళ్లలో గుచ్చుకుంటుంది.

కోడలు సరోజ టీ ఇస్తూ, "అత్త టేపు తీసిందంటే గోడలు కూడా అటెన్షన్‌లో నిలుస్తాయి" అంది. కోమళ నవ్వింది. నేను నవ్వలేదు. పిల్ల నవ్విన సంగతి మాత్రం రాసుకుంటున్నాను.

కిటికీ బయట ఏం కావాలని అడిగాను.

"రోజాలు, అవ్వా. ఎర్రది మట్టుకు వొద్దు."

ఎందుకని అడగలేదు.

జూన్ 15, ఆదివారం

పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా తూర్పు సందులో కుర్చీ వేసుకుని, గంటగంటకూ నీడ అంచున చాక్‌పీసుతో గీత గీశాను. పక్కింటి మేడ అడ్డం. గోడను ఆనుకున్న మూడడుగుల పట్టీకే నాలుగు గంటల ఎండ. మిగతా చోట గంటన్నర. గులాబీకి అది చాలదు.

ఆ పట్టీ మీద ఇప్పుడు సిమెంటు గట్టు ఉంది, ఇంటి చుట్టూ ఉన్నట్టే. పగలగొట్టాలి.

జూన్ 22, ఆదివారం

సాత్తూరు నుంచి మేస్త్రి గురుసామి వచ్చాడు. మనవాడే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. కిటికీ సంగతి వెంటనే ఒప్పుకున్నాడు. గట్టు దగ్గర మొరాయించాడు.

"టీచరమ్మా, ఇది కరిసల్ బూమి. నీళ్లు తాగితే పొంగుతుంది, ఎండితే చీలుతుంది. గోడ కాడికి నీళ్లు పోకుండానే ఈ గట్టు. దీన్ని పగలగొట్టి ఆడనే దినమూ నీళ్లు పోస్తారా? ఆరడుగులు దూరం పెట్టుకోండమ్మా."

"ఆరడుగుల దూరంలో ఎండ లేదు."

"అప్పుడు తొట్లలో పెట్టండి."

"తొట్టి వేడెక్కి వేళ్లు ఉడుకుతాయి. గురుసామీ, నేను కడంబూరు పక్కన నల్లరేగడిలో పుట్టినదాన్ని. ఆ మన్ను గురించి నాకు పాఠం చెబుతావా?"

తల గోక్కున్నాడు. నేను కాగితం మీద నా బాధ్యత అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

"కాయితం ఎవరడిగినారమ్మా..." అంటూనే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జూలై 5, శనివారం

కిటికీ దించడం, గట్టు పగలగొట్టడం అయిపోయాయి. ఎనిమిది మొక్కలు. అయిదు పన్నీరు గులాబీలు, రెండు పసుపు, ఒకటి తెలుపు. గోడకు ఒకటిన్నర అడుగు దూరం, మొక్కకూ మొక్కకూ రెండడుగులు. అంటు కట్టిన ముడి మట్టికి రెండంగుళాల పైన. చుక్కచుక్కగా నీళ్లు దిగే పైపు వేయించాను: పొద్దున నాలుగు లీటర్లు, సాయంత్రం నాలుగు, మొక్కకు.

కోమళ కిటికీలోంచి చెయ్యి చాపి ఒక ఆకు ముట్టుకుంది. నాలుగో నెల వచ్చింది.

జూలై 27. మొదటి మొగ్గ. పన్నీరుది.

ఆగస్టు 2, శనివారం

పూసింది. గదంతా వాసన. రామానుజం మిల్లు నుంచి అన్నానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. చుట్టాలు ఫోటోలు తీసి పంపుకుంటున్నారట — టీచరమ్మ కట్టించిన గది అని. కోమళ మొగుడు కోయంబత్తూరు నుంచి ఆదివారాలు వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు నా కాళ్లకు దండం పెట్టాడు.

సంతోషంగానే ఉంది. ఎందుకు దాచాలి.

ఆగస్టు 16, శనివారం

కిటికీ పై మూల నుంచి కప్పు వైపు ఏటవాలుగా ఒక గీత. వెంట్రుక మందం. సున్నం బీట అనుకున్నాను. ముక్కాలిపీట ఎక్కి రెండు చివర్లా పెన్సిలుతో గుర్తు పెట్టి తేదీ వేశాను. కోమళ నిద్రలో ఉంది.

రామానుజానికి చూపిస్తే పట్టించుకోలేదు. "రైలు పోయేటప్పుడు అదురుతుంది కదమ్మా, అదే." రైలు కట్ట ఇంటికి రెండు వీధుల అవతల. ఈ ఇల్లు కట్టకముందు నుంచే అక్కడుంది.

వాడి మాటే నమ్మాను. నమ్మాలనిపించింది.

ఆగస్టు 30, శనివారం

గీత నా గుర్తు దాటి అయిదంగుళాలు పోయింది. పోస్టుకార్డు అంచు దూరుతోంది.

గది తలుపు గడపను రాసుకుంటోంది. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించాను. సరోజతో వానగాలికి చెక్క ఉబ్బిందన్నాను. ఈ ఊళ్లో వాన ఎక్కడిది, ఆగస్టులో.

ఆగస్టు 31, ఆదివారం

గురుసామిని నేనే పిలిచాను. రామానుజం కడంబూరుకు పెళ్లికి పోయి ఉన్నాడు, సరోజ వంటింట్లో, కోమళ నిద్రలో. చూశాడు. అరచేత్తో గోడను తట్టాడు. బయటికి పోయి గులాబీల మధ్య కూర్చుని ఒక పిడికెడు మన్ను తీసి పిసికాడు. చేతికి అంటుకుపోయింది, వేడి బెల్లంలాగా.

"గోడ బయటి పక్క లేస్తా ఉందమ్మా. లోపలి పక్క లేవలే."

బీట మీద అడ్డంగా ఒక గాజుముక్క పెట్టి రెండు చివర్లా సిమెంటు మెత్తాడు. గోడ కదిలితే గాజు పగులుతుందట.

"పగలకుండా ఉంటే సాలు. పగిలితే మొక్కలు తీసేసేదే. ఇంట్లో చెప్పండమ్మా."

పగిలితే చెబుతానన్నాను.

సెప్టెంబర్ 6, శనివారం

పగిలింది.

సెప్టెంబర్ 7, ఆదివారం

చెప్పలేదు.

కోమళకు ఆరో నెల. పడుకునే కడుపు మీద చెయ్యి వేసుకుని మొగ్గలు లెక్కబెడుతోంది. ఇరవై మూడట. నాకు ఇరవై రెండే కనబడ్డాయి. మళ్లీ లెక్కబెట్టి నాదే తప్పని ఒప్పుకున్నాను. ఆ పిల్లకు ఎంత సంబరమో. డాక్టరమ్మ చెప్పింది ఒకటే — భయపడకూడదు, బెదరకూడదు.

కాబట్టి నేను ఆలోచించి చేయాలి. గాజుముక్క గీకేయించాను. ఆ గోడకు కాగితం అంటించమన్నాను, చిన్న చిన్న ఆకుల అచ్చుది. నీళ్లు సగానికి తగ్గించాను: పొద్దున మాత్రమే.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, చదివేవాళ్లు ఒక్కరూ లేరు. మా నాన్న పలక మీద దిద్దించిన అక్షరాలు ఇలా పనికొస్తాయనుకోలేదు.

సెప్టెంబర్ 13. పైపు నీళ్లు పూర్తిగా ఆపేశాను. రెండు రోజులకొకసారి చెంబుతో, నేనే. వారం మధ్యలో కోవిల్‌పట్టికి పోవడం మానేశాను.

సెప్టెంబర్ 20, శనివారం

గోడ కాగితం మూల దగ్గర ముడతపడింది. పొద్దున చూస్తే నిట్టనిలువునా చిరిగి ఉంది, బ్లేడుతో కోసినట్టు.

నీళ్లు ఆపాను కదా. ఆపితే ఆగాలి కదా.

సెప్టెంబర్ 21, ఆదివారం

గురుసామి ఈసారి నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"నీళ్లు పోస్తిరి, లేచింది. ఒక్కసారిగా ఆపితిరి, కూలబడతా ఉంది. ఇప్పుడు పోసినా తప్పే, ఆపినా తప్పే. ఇంక వాన రాకముందే గోడకు ఊతం కట్టాల. ఆ పాపను ఆ రూములో పెట్టొద్దు."

"గట్టు మళ్లీ వేస్తే?"

"వాన వచ్చి పోయినంక. ఇప్పుడు కాదు."

మా ఊరి చేలల్లో ఎండాకాలం బీటలు. చెయ్యి మోచేతి దాకా దూరేది. అందులో కాలు పెట్టవద్దని నాన్న అరిచేవాడు. ఇదంతా తెలిసినదాన్ని. మా ఊరి ఇళ్లు వందేళ్లు నిలబడ్డాయని గురుసామికి చెప్పబోయాను... ఆ ఇళ్ల గోడల పక్కన ఎవరూ ఒక చెంబెడు నీళ్లు కూడా పారబోయలేదు. స్నానం చేసిన నీళ్లు కూడా దూరంగా కాలువ కట్టి పంపేవాళ్లు. ఎందుకో నేను ఏనాడూ అడగలేదు.

వాన ఐప్పసి నెలలో, అంటే అక్టోబర్ నడుమ. ఇంకా నెల ఉంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

చిరిగిన కాగితం పీకేయించి, కిటికీ పక్కన ఆ గోడకు బీరువా కట్టించాను. నేల నుంచి కప్పు దాకా, మూడు తలుపులు, నడిమి దానికి అద్దం. అద్దం ఉంటే గది రెండింతలుగా కనబడుతుందని రామానుజంతో చెప్పాను. నిజమే, కనబడుతోంది. పై అరలో వెనక చెక్క పక్కకు జరిగేలా చేయించాను — కొలత కోసం. తాళం చెవి నా దగ్గర.

"అవ్వా, పైన ఏం పెట్టినావు?"

"పాత చీరలు."

"ఎవరికి?"

"నీ బిడ్డకు ఉయ్యాల కట్టడానికి."

నోటికి వచ్చేసింది. అబద్ధానికి బిడ్డను తెచ్చాను.

అక్టోబర్ 5. పెన్సిలు దూరుతోంది.

అక్టోబర్ 12, ఆదివారం

మంచం పక్కన నేల పలక ఒకటి అంచు లేపింది. సరోజ కాలికి తగిలింది.

"అత్తా, ఈ టైల్సు వేసినోడు ఎవడో గాని, వాణ్ణి మీ క్లాసులో కూర్చోబెట్టాల."

నవ్వాను. నాకే వింతగా ఉంది, నేను నవ్వడం. బల్ల జరిపి పలక కప్పేశాను.

కోమళకు ఏడు నిండబోతోంది. బిడ్డ తంతోందట. నా చెయ్యి తీసుకుని పెట్టుకుంది. తన్నింది. ఆ క్షణంలో బీరువాలో ఏదో టక్కుమంది. కోమళ అటు చూడలేదు. చూడలేదనే అనుకుంటున్నాను.

అక్టోబర్ 18, శనివారం

ఆకాశం మూసుకుంది. సాయంత్రం మొదటి వాన. మొక్కలు తడిసి తలలూపుతున్నాయి. నేను ఆపిన నీళ్లన్నీ ఒక్కసారిగా వచ్చినట్టుంది.

అక్టోబర్ 22, బుధవారం

వాన. వాన.

రామానుజాన్ని పక్కకు పిలిచాను. కోమళను ముందు గదికి మార్చమన్నాను. ఎందుకన్నాడు. తూర్పు గది వాస్తుకు సరిపడదన్నాను.

వాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా... నీవా? గృహప్రవేశానికి వాస్తు చూసేవాణ్ణి పిలిస్తే గేటు కాడ నుంచే తరిమినావు కదా!" పడీపడీ నవ్వి, కోమళ దగ్గరికి పోయి చెప్పాడు. ఆ పిల్ల నవ్వలేదు.

"నేను ఈ రూమును విడిచి రాను, అవ్వా. ముందు రెండుసార్లు వేరే వేరే రూముల్లో పడుకున్నాను. రెండూ నిలవలే. ఈడనే నిలిచింది. నీవు కట్టిన రూము. కాన్పు అయ్యేదాకా ఈడ నుంచి ఎవరూ నన్ను లేపొద్దు."

నేను కొలిచి కట్టిన గది. ఇప్పుడు నిజం చెప్పకుండా ఆమెను ఇందులోంచి లేపలేను. చెబితే బెదురుతుంది. చెప్పకపోతే...

అక్టోబర్ 25, శనివారం

గురుసామి గొడుగు వేసుకుని వచ్చి సందులోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. బయటి నుంచి గోడను చూస్తే నాకే తెలిసిపోతోంది, పొట్ట వచ్చింది.

"టీచరమ్మా, మీరు రాసిచ్చిన కాయితం నా కాడ భద్రంగా ఉంది. అది గోడను మొయ్యదు. సోమవారం దాకా చూస్తా. మీరు చెప్పకపోతే నేను అయ్యకు చెప్తా."

"నేనే చెబుతాను."

"నాకూ బిడ్డలుండారమ్మా. ఇన్నాళ్లు నోరు మూసుకొని తప్పు చేసినా."

ముప్ఫై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. తప్పు చేసిన పిల్ల నిలబడి తనే ఒప్పుకుంటే కొట్టేదాన్ని కాదు. దాచి దొరికిందంటే మాత్రం వదిలేదాన్ని కాదు.

అక్టోబర్ 26, ఆదివారం

రేపు. పొద్దున కాఫీ అయ్యాక రామానుజం ఒక్కడితో. ఏ మాట ముందు, ఏ మాట వెనక — వరస రాసుకున్నాను. వేలు దూరుతోంది, చూపుడువేలు, రెండో కణుపు దాకా.

అక్టోబర్ 27, సోమవారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కాఫీ అప్పుడు చెప్పలేదు. కోమళ ఇష్టంగా తింటుందని సరోజ కొర్రల దోసెలు పోస్తోంది. పిల్ల కడుపునిండా తిననీ, మధ్యాహ్నం భోజనం అయ్యాక చెబుదామనుకున్నాను. ఒక్క పూట.

పదకొండున్నరకు గురుసామి వచ్చేశాడు, నలుగురు మనుషులతో, గోడకు ఊతం పెట్టే సవుకు కర్రలతో. రామానుజం ఇంట్లోనే ఉన్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి బీరువా తాళం పగిలి ఉంది, పై అరలోని చీరలన్నీ నేల మీద. వెనక చెక్క ఊడదీశారు.

బీట కన్నా ముందు రామానుజానికి పెన్సిలు గుర్తులు కనబడ్డాయి. పక్కనే తేదీలు. అంకెలు కదా, అవి చదవడానికి తెలుగు రానక్కరలేదు. నా చేతిరాతలోని ఏడు అంకెకు అడ్డగీత ఉంటుంది, వాడి చిన్నప్పటి లెక్కల పుస్తకాలన్నిటా ఉన్నదే.

వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. ఆగస్టు పదహారు. ముప్ఫై. సెప్టెంబర్ ఏడు, ఇరవై, ఇరవై ఎనిమిది... గట్టిగా చదివాడు, తరగతిలో నిలబడ్డట్టు.

"అప్పటి నుంచే నీకు తెలుసా?"

తెలుసన్నాను.

"నా బిడ్డ ఈ గోడ కిందనే పడుకొని ఉండింది కదమ్మా. రెండున్నర నెలలు."

"నేను ఆలోచించి —"

"నీవు ఆలోచించేదానివే. నీవే ఆలోచిస్తావు. ఇంకెవరూ ఆలోచించకూడదు ఈ ఇంట్లో."

సరోజ మంచం దగ్గరికి పోయింది. కోమళ భుజాల కింద చెయ్యి వేసి లేపింది. లేచి నిలబడింది పిల్ల, నాలుగున్నర నెలల తరవాత. గోడను చూసింది. కప్పు దాకా నల్లటి బీట, అందులోంచి బయటి వెలుతురు సన్నటి దారంలాగా. ఏడవలేదు. ముందు గదికి పదిహేడు అడుగులు నడిచి మంచం మీద కూర్చుని నడుము పట్టుకుంది.

మూడింటికి నొప్పులు. ఎనిమిదో నెల.

మదురైకి తీసుకుపోయారు. రామానుజం కారు తీశాడు, సరోజ వెనక సీట్లో పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. ముందు సీటు ఖాళీ. నేను చెప్పులు వేసుకుని సంచి పట్టుకుని గేటు దగ్గరికి పోయాను. ఎవరూ రావద్దనలేదు. కారు కదిలింది.

అక్టోబర్ 28, మంగళవారం

రాత్రి ఫోను లేదు. పొద్దున ఏడింటికి సరోజ: "నొప్పులు తగ్గడానికి మందు ఎక్కిస్తున్నారు అత్తా. బిడ్డ గుండె కొట్టుకుంటా ఉంది. డాక్టరు ఇంకా ఏం చెప్పలే." తరవాత ఎవరో పిలిచారు, పెట్టేసింది.

గురుసామి మనుషులు కర్రలు నిలబెట్టారు. గులాబీల పాదుల్లోనే నిలబెట్టాలి, వేరే చోటు లేదు. ఏ మొక్క తీయాలని నన్నే అడిగాడు. నీ ఇష్టమన్నాను. ఆశ్చర్యంగా చూశాడు.

నాలుగు తీశాడు. మొగ్గలతోనే ఉన్నాయి.

అక్టోబర్ 29, బుధవారం

వాన ఆగలేదు. మధ్యాహ్నం రామానుజం ఫోను, రెండే ముక్కలు. "ఇంకా ఒకటిన్నర దినం దాటితే పరవాలేదంటున్నారు. కాన్పు అవకుండా." నా తిండి గురించి అడగలేదు. అడగకపోవడమే న్యాయం.

నాలుగున్నరకు కోమళే చేసింది. గొంతు సన్నగా ఉంది, మందుల వల్ల కాబోలు.

"అవ్వా, నాన్న బయటికి పోయినాడు. అందుకే చేస్తున్నా. నీవు తిన్నావా?"

తిన్నానన్నాను. తినలేదు.

"ఆ గోడ సౌండు నాకు వినబడేది. బీరువాలో ఎలక అనుకున్నా. నీవుంటివి కదా అని నిద్రపోయేదాన్ని."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఒకటే అడుగుతా. నిజంగా చెప్పల్ల. నేను బయపడతానని దాచినావా, నీ తప్పు బయటపడుతుందని దాచినావా?"

లైను సరిగ్గా లేదన్నాను. ఉంది. బాగానే ఉంది. అటువైపు ఆమె ఊపిరి ఒక్కొక్కటీ వినబడుతూనే ఉంది, జవాబు కోసం ఆగి ఉంది.

"సరి. నర్సు వచ్చింది. ఆరింటికి మళ్లీ చేస్తా. అప్పుడు చెప్పు."

ఈ పేజీ తీసి మొదటి జవాబు రాశాను. చదువుకున్నాను. కొట్టేశాను. రెండోది రాశాను. అదీ కొట్టేశాను. రెండింటికీ తేదీలు సరిపోతున్నాయి. ఆగస్టు ముప్ఫై ఒకటి దాకా మొదటిది అనుకుంటే, ఆ తరవాత... లేదు, ఆ ముందు నుంచే...

ఇప్పుడు అయిదూ నలభై.